టోక్యో శివార్లలో యూఆర్ కిరాయి ఫ్లాట్లు: ఓరుగల్లు నుంచి వెళ్ళే కుటుంబానికి పనికొస్తాయా?

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ దిక్కు నుంచి జపాన్‌లో ఉద్యోగం దొరికినవాళ్ళ ఇళ్ళల్లో వీసా వచ్చిన రోజే ఒక చర్చ మొదలవుతుంది. ఊరు నడుమ ఇరుకు గది తీసుకోవాలా, శివారులో రెండు గదుల ఇల్లు తీసుకొని రోజూ రైలెక్కాలా? ఇందులో ఎక్కువగా వినిపించేది కిరాయి లెక్క, ఆఫీసు దూరం లెక్క. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వచ్చే మనిషి కోసం ఇల్లు వెతుకుతారు. ఆ పన్నెండు గంటలు అదే ఇంట్లో, అదే వీధిలో గడపాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగరు. ఈ సమీక్ష ఆ రెండో మనిషిని ముందు పెట్టుకొని రాసింది.

సమీక్షిస్తున్నది టోక్యో చుట్టుపక్కల యూఆర్ సంస్థ కిరాయికిచ్చే ఫ్లాట్లను. మా తీర్పు ముందే చెబుతున్నాం. భార్యాభర్తలు, ఒకరిద్దరు పిల్లలు, కనీసం మూడేళ్ళు ఉండే ఆలోచన ఉంటే ఐదుకు నాలుగు మార్కులు. ఏడాది, రెండేళ్ళ పని మీద ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు ఐదుకు రెండే. ఫ్లాటు ఉత్తదిగా ఇస్తారు, దీపం కూడా మనమే కొనుక్కోవాలి. ఏడాదికోసం అంత సామాను కొని, మళ్ళీ పైసలు కట్టి పారేయడం దండగ. వాళ్ళు సామానుతో ఉండే గదో, కంపెనీ హాస్టలో చూసుకోవడం మేలు.

యూఆర్ (అర్బన్ రెనెసాన్స్ ఏజెన్సీ) ప్రభుత్వ అధీనంలోని స్వతంత్ర సంస్థ. 1955లో జపాన్ గృహ నిర్మాణ కార్పొరేషన్‌గా పుట్టింది, 2004లో ఇప్పటి రూపం తీసుకుంది. దేశమంతా కలిపి దాదాపు 7 లక్షల కిరాయి ఇళ్ళు దీని చేతిలో ఉన్నాయి. మన హౌసింగ్ బోర్డు కాలనీ లాగే ఒకే తీరు భవనాలు వరుసగా ఉంటాయి, నడుమ చెట్లు, పిల్లలు ఆడుకునే జాగా, కింద చిన్న దుకాణాలు. దీన్ని అక్కడ దాంచి అంటారు. ఇక్కడ ఓనర్ సంస్థే కాబట్టి, విదేశీయుడని పేరు చూసి తిప్పి పంపే ఓనర్ల బెడద ఉండదు. మధ్యకాల, దీర్ఘకాల నివాస హోదా ఉన్న రెసిడెన్స్ కార్డు ఉండి, ఆదాయం సరిపోతే ముందు వచ్చినవారికే ఇల్లు. జపాన్‌లో పూచీ నిలబడే చుట్టం లేని మనలాంటివాళ్ళకు ఇదే అన్నిటికంటే పెద్ద లాభం.

ఇక పైసలు. ప్రైవేటు ఇంటికి 90,000 యెన్ల కిరాయి అనుకోండి. అడ్వాన్స్ ఒక నెల 90,000. రేకిన్ అని ఓనర్‌కు తిరిగిరాని కానుక ఒక నెల, ఇంకో 90,000. ఏజెంటుకు ఒక నెల కిరాయి, దాని మీద 10 శాతం పన్ను, మొత్తం 99,000. పూచీ కంపెనీకి సగం నెల, 45,000. అగ్ని బీమా రెండేళ్ళకు సుమారు 18,000, తాళం మార్పుకు 20,000, మొదటి నెల కిరాయి 90,000. అన్నీ కలిపితే 4,52,000. ఇందులో తిరిగొచ్చే ఆశ ఉన్నది అడ్వాన్స్ ఒక్కటే. రెండేళ్ళకోసారి ఒప్పందం కొనసాగించినందుకు మరో నెల కిరాయి ఇవ్వాలి. యూఆర్‌లో రేకిన్ లేదు, ఏజెంటు ఫీజు లేదు, పూచీదారు లేడు, రెండేళ్ళ రుసుమూ లేదు. రెండు నెలల అడ్వాన్స్, ఉన్న రోజులకు లెక్కగట్టిన కిరాయి, కాలనీ నిర్వహణకు నెలకు కొన్ని వేలు, అంతే. 90,000 ఇంటికి 2,70,000 దగ్గర పడుతుంది, అందులో 1,80,000 అడ్వాన్స్.

ఈ లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళాలి, ఎందుకంటే యూఆర్ కిరాయి చూడగానే పక్కనున్న ప్రైవేటు ఇంటికంటే ఎక్కువ అనిపించవచ్చు. ప్రైవేటు ఇంట్లో తిరిగిరాని సొమ్ము 2,72,000. నాలుగేళ్ళ నడుమ ఒకసారి కొనసాగింపు రుసుము 90,000. మొత్తం 3,62,000. దీన్ని 48 నెలలకు పంచితే నెలకు 7,500 చిల్లర. అంటే నాలుగేళ్ళు ఉండేవాళ్ళకు 90,000 ప్రైవేటు ఇల్లు, 97,500 యూఆర్ ఇల్లు ఒకే ధర. రెండేళ్ళే ఉంటే తిరిగిరాని 2,72,000ను 24 నెలలకే పంచాలి, నెలకు 11,300 అవుతుంది. పోల్చేటప్పుడు ఈ మొత్తాన్ని ప్రైవేటు కిరాయికి కలిపి చూడండి.

ఆదాయం నిబంధన స్పష్టంగా ఉంటుంది. ఒంటరి మనిషికి కిరాయి 62,500 యెన్ల లోపైతే నెల జీతం దానికి నాలుగు రెట్లు ఉండాలి. ఆ పైన 2 లక్షల లోపు కిరాయి ఎంతైనా 2.5 లక్షల జీతం చాలు. కుటుంబానికి 82,500 లోపైతే నాలుగు రెట్లు, ఆ పైన 2 లక్షల లోపు 3.3 లక్షలు. బోనస్‌తో కలిపి ఏడాది జీతాన్ని పన్నెండుతో భాగిస్తారు. జీతం సరిపోకపోతే కిరాయికి వంద రెట్లు బ్యాంకులో చూపొచ్చు, లేదా ఏడాది కిరాయి ముందే కట్టొచ్చు. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఒకటుంది. 3.3 లక్షల జీతం ఉంటే 1,90,000 కిరాయి ఇంటికి కూడా నిబంధన ఒప్పుకుంటుంది. ఇల్లు మంజూరైతే మనం మోయగలమని అర్థం కాదు. పైగా నివాస పన్నును నిరుటి ఆదాయం మీద వేస్తారు. అందుకని కొత్తగా వచ్చినవారికి మొదట్లో అది పడదు, చేతికొచ్చే జీతం నిండుగా కనిపిస్తుంది. నిరుటి ఆదాయంలో కోతలు పోను మిగిలినదాని మీద దాదాపు 10 శాతం లెక్కగట్టి, ఆ తర్వాతి జూన్ నుంచి నెలనెలా కోస్తారు. కాబట్టి కిరాయిని మొదటి ఏడాది జీతం చూసి కాకుండా రెండో ఏడాది చేతికొచ్చేదాంట్లో మూడో వంతు దాటకుండా పెట్టుకోవాలి.

వయసు 35 లోపున్నవారికి కొన్ని ఇళ్ళను తక్కువ కిరాయికి ఇచ్చే యూ35 పథకం ఉంది. అది మూడేళ్ళ గడువు ఒప్పందం. గడువు తీరాక అదే కిరాయికి ఉండొచ్చని అనుకోవద్దు. పిల్లను బడిలో వేసే ఏడాదిలో గడువు పడితే ఇల్లూ బడీ ఒకేసారి మారాల్సి వస్తుంది.

కాగితాల దగ్గర చిక్కు ఒకటే, కానీ పెద్దది. ఇంటి దరఖాస్తుకు జూమిన్‌హ్యో కావాలి. అది వార్డు ఆఫీసు ఇచ్చే నివాస ధ్రువపత్రం. చిరునామా నమోదు కాకుండా అది రాదు, ఇల్లు లేకుండా చిరునామా ఉండదు. అందుకే మొదటి నెల, నెలన్నర కంపెనీ ఇచ్చిన గదిలోనో, నెలవారీ గదిలోనో ఉండి, 14 రోజుల్లోపు అక్కడ నమోదు చేసుకొని, ఆ పత్రంతో యూఆర్‌కు వెళ్ళాలి. విమానం దిగిన రోజే దాంచిలో దిగుతామనే లెక్క పెట్టుకోవద్దు. కంపెనీని నెలవారీ గది ఖర్చు గురించి ఆఫర్ లెటర్ దశలోనే అడగండి, అప్పుడు అడిగితేనే ఇస్తారు. ఉద్యోగంలో కొత్తగా చేరినవారు కంపెనీ నుంచి జీతం ధ్రువపత్రం తీసుకోవాలి. ఒప్పందం జపనీస్‌లో చదివి వినిపిస్తారు కాబట్టి భాష వచ్చిన మనిషిని తోడు తీసుకెళ్ళండి. భార్యాపిల్లలను తర్వాత పిలిపించుకునేవాళ్ళు ఇల్లు కుదిరాక టికెట్లు తీసుకోవడం మంచిది.

ఇంటి ప్రకటన చదవడం ఒక విద్య. స్టేషన్ నుంచి నడక 11 నిమిషాలు అని ఉంటే నిమిషానికి 80 మీటర్ల లెక్కన 880 మీటర్లు అని అర్థం. సిగ్నల్ దగ్గర ఆగేది, గుట్ట ఎక్కేది ఇందులో ఉండదు. చంకలో పిల్లతో ఆ 11 నిమిషాలు 18 అవుతాయి. గది కొలత జో అని ఇస్తారు, ఒక జో కనీసం 1.62 చదరపు మీటర్లు. 6 జో గది అంటే దాదాపు 105 చదరపు అడుగులు. 2డీకే అంటే రెండు గదులు, తినే జాగాతో వంటిల్లు. 2ఎల్‌డీకే అంటే ఆ వంటిల్లే హాలంత పెద్దది. బస్సు 12 నిమిషాలు అని కనిపిస్తే అక్కడే ఆగి, ఆ బస్సు రాత్రి ఆఖరిది ఎన్నింటికో చూడండి. రైలు అర్ధరాత్రి దాకా ఉన్నా, కాలనీ బస్సు అంతకు చాలా ముందే నిలిచిపోయే చోట్లున్నాయి. రాత్రి పది దాటితే టాక్సీకి 20 శాతం అదనం.

కట్టిన ఏడాదిని కూడా చూడాలి. 1981 జూన్ 1 నుంచి భూకంప నిబంధనలు కఠినమయ్యాయి. ఆ తేదీ తర్వాత అనుమతి పొందిన భవనమైతే నిశ్చింత. పాతదైతే భూకంప పరీక్ష, బలపరిచే పని అయ్యాయా అని అడగండి, యూఆర్ వివరాలు చూపిస్తుంది. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు ఓరుగల్లులో జనం బయటికి ఉరికారు. టోక్యోలో చిన్న కుదుపులు మామూలు. అక్కడ ఉరకడం కంటే బీరువాను గోడకు బిగించడం ముఖ్యం.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. పాత దాంచి తలుపు ఇనుముది, నడుమ పేపరు వేసే చీలిక. లోపల చెప్పులు విడిచే చిన్న పల్లం, వెంటనే వంటిల్లు. పైకప్పు మీద దీపానికి ఒక గుండ్రటి హుక్కు ఉంటుంది, దీపం ఉండదు. కిటికీకి పట్టీ ఉంటుంది, పరదా ఉండదు. పొయ్యి పెట్టే గట్టు ఉంటుంది, పొయ్యి ఉండదు. చాలా ఇళ్ళల్లో ఏసీ కూడా మనమే పెట్టించుకోవాలి. ఏసీకి గోడలో రంధ్రం, విడి ప్లగ్గు పాయింటు ఏ గదిలో ఉన్నాయో చూడకపోతే, తీరా కొన్నాక పడుకునే గదిలో బిగించే వీలుండదు. బాగుచేయని కొన్ని పాత ఇళ్ళల్లో స్నానాల తొట్టి పక్కనే గ్యాస్ హీటరు పెట్టె ఉంటుంది, పిడి తిప్పి నిప్పురవ్వ పుట్టించి వెలిగించాలి. అలవాటైతే పనిచేస్తుంది, కానీ తొట్టి సగం జాగా అదే తింటుంది. బాగుచేసిన ఇంటికి కొంచెం ఎక్కువ కిరాయి పెట్టడం న్యాయమే అని మా అభిప్రాయం.

గ్యాసు విషయంలో తప్పు చేస్తే ప్రమాదం. పట్నం గ్యాసుకు పొయ్యి మీద 12ఏ, 13ఏ అని ఉంటుంది, సిలిండర్ గ్యాసుకు ఎల్‌పీ అని ఉంటుంది. ఒకదాని పొయ్యి ఇంకోదానికి వాడకూడదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఇది చూడకుండా తెచ్చుకొని ఇబ్బంది పడతారు. గ్యాసు తెరిచే రోజు ఇంట్లో మనిషి ఉండాలి, ముందే తేదీ తీసుకోవాలి. శివార్ల ప్రైవేటు ఇళ్ళల్లో సిలిండర్ గ్యాసు ఎక్కువ, బిల్లూ ఎక్కువే. చలికాలం వేన్నీళ్ళతో కలిపితే కిరాయిలో మిగిలింది అక్కడ పోతుంది.

కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల 750 వాట్ల మిక్సీకి కనీసం 1,500 వాట్ల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఎందుకంటే మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది. టోక్యో వైపు 50 హెర్ట్జ్, మనలాగే, కాబట్టి మోటారు వేగం మారదు. ఒసాకా వైపు 60. గోడ ప్లగ్గు ఒక్కోటి 15 ఆంపియర్లే. పాత ఇంటికి మొత్తం 30 ఆంపియర్లే ఉంటే 3,000 వాట్లు, అంతే. ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కర్, మైక్రోవేవ్ కలిపి పెడితే ఇల్లంతా చీకటి. ఇక్కడి ఇండక్షన్ పొయ్యి మోసుకెళ్ళడం వృథా.

చలికాలంలో దాంచి ఇళ్ళ అసలు శత్రువు బూజు. 2003 జూలై తర్వాత కట్టిన ఇళ్ళకే 24 గంటలు గాలి ఆడే ఏర్పాటు తప్పనిసరి. పాత కాంక్రీటు ఇంట్లో మనం రోజూ అన్నం, పప్పు ఉడికిస్తాం, వానకు బట్టలు లోపలే ఆరేస్తాం. ఆ ఆవిరి ఉత్తరం వైపు చల్లటి గోడ మీద నీరై దిగి నల్లగా పడుతుంది. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదలాలి. వంట అయ్యాక కూడా ఫ్యాను అరగంట నడవాలి. పరుపును నేల మీద వదలకుండా పొద్దున్నే ఎత్తాలి. ఇల్లు చూసేటప్పుడు ఉత్తరం గది అల్మారా తెరిచి వాసన చూడండి, అబద్ధం చెప్పదు.

లిఫ్టు లేని నాలుగైదు అంతస్తుల భవనాలు శివార్లలో ఎక్కువ. పై అంతస్తు కిరాయి తక్కువగా కనిపిస్తుంది. బియ్యం మూట, పిల్లల బండి, వాషింగ్ మెషిన్ అన్నీ మెట్ల మీదే ఎక్కాలి. అమ్మానాన్నలు 90 రోజుల విజిట్ వీసా మీద వస్తే మోకాళ్ళ నొప్పులున్నవారు మొదటి వారం ఉత్సాహంగా దిగుతారు, రెండో వారం నుంచి బాల్కనీలోనే కూర్చుంటారు. తల్లిదండ్రులను పిలిపించే ఆలోచన ఉంటే రెండో అంతస్తు దాటొద్దు, లేదా లిఫ్టు ఉన్నదే తీసుకోండి.

రైలు దగ్గరికొస్తే, నెల పాస్ కంపెనీయే ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. నెలకు 1,50,000 యెన్ల దాకా ఆ భత్యానికి ఆదాయపు పన్ను లేదు. శివారు బతుకు నిలబడింది దీని మీదే. అయితే పాస్ ఉద్యోగికి మాత్రమే. టోక్యోను ఆనుకొని ఉన్న చిబా వైపు వెళ్ళే హొకుసో రైలు లైన్ ఛార్జీలకు పేరుమోసింది, 2022 అక్టోబర్‌లో తగ్గించినా తక్కువేమీ కాదు. ఆదివారం ఇంటిల్లిపాది బయటికి వెళ్తే ఆ బరువు తెలుస్తుంది. ఒదాక్యూ లైన్‌లో 2022 మార్చి నుంచి ఐసీ కార్డు (డబ్బు నింపుకొని గేటు దగ్గర తాకించే రైలు కార్డు) మీద పిల్లలకు ఎంత దూరమైనా 50 యెన్లే. కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

సమయాన్ని కూడా డబ్బులా లెక్కగట్టండి. గడప నుంచి గడపకు 40 నిమిషాల ఇల్లు ఒకటి, 70 నిమిషాల ఇల్లు ఒకటి. రోజుకు గంట తేడా, నెలకు 20 పని దినాలకు 20 గంటలు. కిరాయి తేడా 40,000 అయితే గంటకు 2,000 యెన్లు. వారానికి రెండు రోజులే ఆఫీసు ఉంటే తేడా నెలకు 8 గంటలే, గంటకు 5,000. అప్పుడు శివారే గెలుస్తుంది. వారంలో నాలుగైదు రోజులు ఆఫీసుకు వెళ్ళాల్సినవాళ్ళు 60 నిమిషాలు దాటొద్దని మా మాట. ఇంకొకటి: రైలు మొదలయ్యే స్టేషన్ దగ్గర ఇల్లు దొరికితే వదలొద్దు. కూర్చొని 50 నిమిషాలు పోవడం వేరు, ఊపిరాడకుండా నిలబడి 30 నిమిషాలు పోవడం వేరు. ఒక లైన్ ఇంకో కంపెనీ లైన్‌లోకి నేరుగా వెళ్ళేచోట మార్పు బాధ తప్పుతుంది కానీ, అటు చివర ఆగితే ఇటు చివర కూడా ఆలస్యమే.

మనవాళ్ళు ముందుగా అడిగేది నిషి-కసాయ్. ఎదోగావా వార్డులో తొజాయ్ మెట్రో లైన్ మీద, టోక్యో నడుమ ఆఫీసుల పేట ఒతెమాచికి సుమారు పావు గంట. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్యప్పుడు వచ్చిన ఇంజినీర్లతో మొదలై ఇప్పుడు భారతీయుల పేటగా పేరుపడింది. కొజిమాచో, సెయ్‌షిన్‌చో యూఆర్ కాలనీలు ఉన్నాయి, భారతీయ బడి ఉంది, కందిపప్పు, చింతపండు నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. భాష రాని గృహిణి ఒంటరిగా బయటికి వెళ్ళి పది మందితో మాట్లాడి రాగల చోటు ఇదే. లోపాలూ ఉన్నాయి. వేగంగా వెళ్ళే రైళ్ళు ఇక్కడ ఆగవు. 2019లో ఇదే లైన్‌లో కిబా, మొన్‌జెన్-నకాచో స్టేషన్ల నడుమ పొద్దుటి రద్దీ రైలు సామర్థ్యంలో 199 శాతం, దేశంలోనే ఎక్కువ. తర్వాత తగ్గింది కానీ పొద్దున ఎనిమిదింటికి ఖాళీ మాత్రం ఉండదు. ఏడింటికి ముందో, తొమ్మిదిన్నర తర్వాతో వెళ్ళే వీలు ఆఫీసులో అడిగి పెట్టుకోండి. ఇళ్ళు ఖాళీ అయినా ఎక్కువసేపు నిలవవు.

నిషి-కసాయ్‌కు రెండో లోపం వరద నీళ్ళు. ఎదోగావా వార్డు నేలలో దాదాపు 70 శాతం సముద్రం పోటు మట్టం కంటే కిందే ఉంది. 2019లో ఆ వార్డు ఇంటింటికీ ఇచ్చిన వరద పటం అట్ట మీదే ఇక్కడ ఉండొద్దు అని రాసింది. పెద్ద తుఫాను వస్తే వార్డు దాటి వెళ్ళిపొమ్మని అర్థం. 2023 జూలైలో మోరంచవాగు ఊరి మీద పడ్డ రాత్రిని చూసిన మనకు ఆ మాట విలువ తెలుసు. 2020 ఆగస్టు నుంచి ఏజెంటు ఒప్పందానికి ముందు వరద పటంలో ఇల్లు ఎక్కడుందో చూపించి చెప్పాలి. యూఆర్ ఇల్లైనా మీరే అడిగి చూడండి. ఎత్తైన భవనంలో ఐదో అంతస్తు పైన తీసుకుంటే ప్రాణ భయం తగ్గుతుంది, కానీ కరెంటు, లిఫ్టు, నీళ్ళు ఆగితే రోజుల తరబడి ఆగుతాయి. 2019 అక్టోబర్ 12 తుఫానుకు ముసాషి-కొసుగీలోని ఎత్తైన భవనంలో నేలకింది కరెంటు గది మునిగి ఇదే జరిగింది. మూడు రోజుల నీళ్ళు, ఎమర్జెన్సీ టాయిలెట్ సంచులు ఇంట్లో పెట్టుకోండి. ఇన్ని తెలిసి కూడా కొత్తగా వచ్చే కుటుంబానికి మొదటి రెండేళ్ళకు మేము నిషి-కసాయ్‌నే ముందు పెడతాం.

తకాషిమదైరా, ఇతబాషి వార్డు, 1972 నాటి పెద్ద దాంచి. పది వేలకు పైగా ఇళ్ళు, ఎత్తైన భవనాలు, లిఫ్టులున్నాయి. మితా లైన్‌లో ఒతెమాచికి అరగంట పైచిలుకు, ఆఖరు స్టేషన్‌కు దగ్గరే కాబట్టి పొద్దున సీటు దొరికే అవకాశం ఎక్కువ. దాంచి స్టేషన్ పక్కనే. వృద్ధులు ఎక్కువ, ప్రశాంతంగా ఉంటుంది, భారతీయులు పల్చన. ఇదీ అరకావా నది పల్లమే, పటం చూడక తప్పదు.

కిరిగావోకా యొకోహమా మీదోరి వార్డులో గుట్ట మీద ఉంది. సీబీఎస్ఈ బోధించే ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్ యొకోహమా శాఖ అక్కడే, యూఆర్ కాలనీ కూడా అక్కడే. తొకైచిబా స్టేషన్‌కు బస్సు. యొకోహమాలో ఆఫీసున్నవాళ్ళకు చాలా మంచిది. షిబుయా దాటి వెళ్ళాల్సినవాళ్ళకు బస్సుతో కలిపి గంట దాటుతుంది. తామా న్యూటౌన్ 1971 నుంచి జనం ఉంటున్న గుట్టల ఊరు. చెట్లు, బళ్ళు, విశాలమైన గదులు ఉన్నాయి. మెట్లు కూడా అన్నే. వరద భయం తక్కువ, వాలు కింద ఉన్న భవనమైతే కొండచరియ పటం చూడాలి.

రెండు మూడేళ్ళలో తిరిగొచ్చి పిల్లలను హనుమకొండ బడిలోనే వేస్తామనుకుంటే సీబీఎస్ఈ బడికి దగ్గరగా ఇల్లు తీసుకొని, తండ్రి ప్రయాణం పెంచుకోవాలి. ఎక్కువ కాలం ఉండేవాళ్ళకు జపాన్ ప్రభుత్వ బడి ఉంది, ఫీజు లేదు. అప్పుడు ఏ శివారైనా పర్వాలేదు, విదేశీ పిల్లలకు జపనీస్ నేర్పే తరగతి ఉన్న బడి ఏదో వార్డు ఆఫీసులో అడిగి ఇల్లు ఎంచుకోవాలి. టోక్యో సరిహద్దు కూడా లెక్కే. టోక్యో ప్రభుత్వ 018 సపోర్ట్ పథకం కింద టోక్యోలో నమోదైన ప్రతి పిల్లకు, పిల్లాడికి 18 ఏళ్ళ దాకా నెలకు 5,000 యెన్లు వస్తాయి. ఎదోగావా నది దాటి చిబా వైపు వెళ్తే రావు. ఇద్దరు పిల్లలకు ఏడాదికి 1,20,000 తేడా, నది అవతల కిరాయి తగ్గింపుతో దీన్ని పోల్చుకోవాలి.

ఇల్లు ఖాయం చేసే ముందు చేయాల్సిన పని ఒకటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. పని రోజు పొద్దున 7:40కి ఆ స్టేషన్‌లో రైలెక్కి ఆఫీసు దాకా వెళ్ళి చూడండి. అది ఉద్యోగి పరీక్ష. ఇంకో పని రోజు మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉండే మనిషి అదే కాలనీలో నడవాలి. సూపర్‌మార్కెట్ దాకా వెళ్ళి 5 కిలోల బియ్యం సంచితో తిరిగి రావాలి. పిల్లల డాక్టర్ ఎక్కడ, చీటీ ఎన్నింటిదాకా ఇస్తారు, గుట్ట ఎంత ఎత్తు, దారిలో కూర్చోడానికి బెంచీ ఉందా, పార్కులో ఇంకెవరైనా తల్లులు ఉన్నారా, జపనీస్ నేర్పే తరగతి వార్డులో ఏ రోజు, ఎంత దూరం. ఆమె ఇంకా హనుమకొండలోనే ఉంటే వీడియో కాల్ పెట్టి ఆ దారంతా చూపించండి, గది గోడలు చూపిస్తే సరిపోదు. డిపెండెంట్ వీసా మీద అనుమతి తీసుకొని వారానికి 28 గంటల దాకా పని చేయొచ్చు. ఆ పని దొరికేది కూడా స్టేషన్ చుట్టుపక్కలే, బస్సు దిగి లోపలికి వెళ్ళిన కాలనీలో కాదు. ఆమెకు నచ్చని కాలనీని ఎంత కిరాయి తగ్గినా తీసుకోవద్దు. ఇల్లు మారడం వల్ల పోయే డబ్బు ఆ తగ్గింపు కంటే ఎక్కువ.

కాలనీ పద్ధతులు కూడా ముందే తెలిసి వెళ్తే మాట రాదు. పాత దాంచిలో పై ఇంటి అడుగుల చప్పుడు కింద ఇంట్లో వినిపిస్తుంది. మిక్సీ, అల్లం దంచడం రాత్రి తొమ్మిది దాటాక వద్దు, కింద మందపాటి రబ్బరు పలక వేయండి. చెత్త రోజు పొద్దున్నే పెట్టాలి, ముందు రాత్రి కాదు. తామా వైపు చాలా నగరాల్లో చెత్త సంచులు కూడా కొనాలి.

ఖాళీ చేసేటప్పుడు యూఆర్‌కు 14 రోజుల ముందు చెబితే చాలు, ఇది ప్రైవేటు ఇళ్ళ నెల నోటీసు కంటే సులువు. కానీ పెద్ద సామాను పారేయడానికి వార్డులో ముందే తేదీ తీసుకొని, రుసుము చీటీ కొని అతికించాలి. మార్చి, ఏప్రిల్‌లో ఆ తేదీలు వారాల దాకా దొరకవు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ, ఏసీ ఆ చెత్తలో తీసుకోరు, వాటికి వేరే రీసైకిల్ రుసుము కట్టాలి. టికెట్ తీసుకున్న రోజే ఈ తేదీలకు కూడా ఫోన్ చేయండి.